గుడి గంట అల ఎంతవరకు వెళ్తుంది?

"గుడి గంట మోగిస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుందట, నిజమేనా అన్నా?" అని చాలామంది అడుగుతున్నారు. నేనైతే ఆ మాట చెప్పను. మన గంటకి అరువు గొప్పలు అక్కర్లేదు.

అసలు ఏం జరుగుతుందో చూడండి. నాలుక తగలగానే కంచు వణుకుతుంది. అంచుకి వేలు ఆనిస్తే ఆ వణుకు తెలుస్తుంది, గట్టిగా పట్టుకుంటే మోత ఆగిపోతుంది. ఆ వణుకు పక్కనున్న గాలిని నొక్కి వదులుతుంది, ఆ గాలి దాని పక్క గాలిని. గాలి దాదాపు అక్కడే ఉంటుంది, కదలిక మాత్రం సెకనుకి సుమారు 343 మీటర్లు పరుగెడుతుంది.

మన న్యాయశాస్త్ర పండితులు దీనికి రెండు పోలికలు చెప్పారు. నీళ్ళలో అల వెంట అల పుట్టినట్టు, అది వీచీతరంగ న్యాయం. కడిమి పువ్వు అన్ని వైపులకీ ఒకేసారి విచ్చుకున్నట్టు, ఇది కదంబ న్యాయం. నాకు రెండోదే ఇష్టం. చెరువు అల నీటి మీదే పాకుతుంది, ధ్వని పైకీ కిందకీ కూడా వెళ్తుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి ఇది వేరే చెప్పాలా!

శబ్దం ఆకాశానికి గుణం అన్నారు వాళ్ళు. గాలో, నీరో, లోహమో ఏదో ఒకటి లేకుండా ధ్వని లేదంటుంది సైన్సు. ఈ రెండూ ఒకటేనని బలవంతంగా కలపను. కానీ వాళ్ళ లెక్కలో చెవి అంటే ఏంటో తెలుసా? చెవి రంధ్రంలో ఉన్న ఆకాశమే. అంటే మనం చేసిన శబ్దం ఎదుటి మనిషి లోపలి ఆకాశం దాకా వెళ్తోంది. కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు.

తల్లి కడుపులోనే నారదుడి మాటలు విన్న ప్రహ్లాదుడి కథ మనకి తెలుసు. చివరి నెలల్లో గర్భంలోని బిడ్డకి బయటి శబ్దాలు వినిపిస్తాయని డాక్టర్లూ చెప్తారు. ఆ బిడ్డని స్కానింగ్‌లో చూపించేది కూడా ధ్వనే. మనం వినగలిగేది 20,000 హెర్ట్జ్ వరకు, స్కానింగ్‌ది మిలియన్లలో ఉంటుంది. వెళ్ళి, తాకి, తిరిగొచ్చి బొమ్మ గీస్తుంది.

ఇప్పుడు వినాయక చవితి మండపానికి వద్దాం. నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని తీవ్రత 10 రెట్లు. "భక్తి కదా" అంటారు. స్వామికి వినపడటానికి అంత అవసరమా నాన్నా?

కమిటీలో ఉన్నవాళ్ళు ఈసారి ఒక పని చెయ్యండి. స్పీకర్ ఆన్ చేశాక పై అంతస్తులో పసిబిడ్డో, పెద్దావిడో ఉన్న ఇంటికి వెళ్ళి పది నిమిషాలు కూర్చోండి. కిందకి దిగొచ్చాక వాల్యూమ్ ఎంత పెట్టాలో మీరే చూసుకోండి. హారతి గంట మాత్రం ఎప్పటిలాగే కొట్టండి.