తెలిసి చేసిన అన్యాయం

అన్యాయమని ఎరుగక చేసినవానికంటె ఎరిగి చేసినవాడు అధిక దోషి అవుతాడా? లేక సత్యాన్ని గుర్తించాడు గనుక కొంత మన్ననకు పాత్రుడవుతాడా? ధర్మశాస్త్రాలలో పాత ప్రశ్నే ఇది. దీనికి ఆధునిక చరిత్రలో సర్ చార్లెస్ నేపియర్ అంత స్పష్టమైన ఉదాహరణ అరుదు.

1842లో ఆయన కంపెనీ సేనాధిపతిగా సింధుకు వచ్చాడు. అప్పటికి వయస్సు అరవై. ఆ యేడాది ఆరంభంలోనే కాబూలు నుండి వెనుదిరిగిన బ్రిటిష్ సైన్యం కనుమలలో నశించింది. పోయిన ప్రతిష్ఠను ఎక్కడో ఒకచోట తిరిగి సంపాదించుకోవాలన్న ఆతురత గవర్నర్ జనరల్ ఎలెన్‌బరోది. సింధును పాలిస్తున్న తాల్పూర్ అమీర్లు ఆ పరాజయానికి కారకులు కారు. పైగా వారి దేశం మీదుగానే ఆంగ్ల సేన ఆఫ్ఘనిస్తాన్‌కు నడిచింది. 1832 నాటి సంధిలో, ఒకరి రాజ్యంపై మరొకరు ఆశ పెట్టుకోరాదని ఉభయపక్షాలూ అంగీకరించాయి. ఏడేళ్లు తిరిగేసరికి అమీర్ల నేలపై కంపెనీ దండు విడిసింది.

ఈ సంగతులేవీ నేపియర్‌కు తెలియనివి కావు. సింధును ఆక్రమించే హక్కు తమకు లేదనీ, అయినా ఆక్రమించి తీరుతామనీ, అది లాభమూ లోకహితమూ కలిగిన తుంటరితనం కాగలదనీ ఆయన తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ రాతలో పశ్చాత్తాపం లేదు. ఒక విధమైన హుషారు కనబడుతుంది. 1843 జనవరిలో, యుద్ధ ప్రకటన ఏదీ లేకుండానే, ఎడారిలోని ఇమామ్‌గఢ్ కోటను పేల్చివేయించాడు. ఫిబ్రవరి 17న మియానీ వద్ద సుమారు 2,800 మందితో, తమకంటె ఎన్నో రెట్లున్న బలూచి సేనను ఓడించాడు. మార్చి 24న దబ్బా వద్ద రెండవ యుద్ధం జరిగింది. హోష్ మహమ్మద్ షీదీ అక్కడ నేలకొరిగాడు. సింధు హైదరాబాదు కంపెనీ వశమయింది. అమీర్లు ప్రవాసం పాలయ్యారు.

‘నేను పాపం చేశాను’ అనే అర్థంగల లాటిన్ పదం ఒక్కటే రాసి నేపియర్ విజయవార్త పంపాడని నేటికీ చెప్పుకుంటారు. నిజానికి ఆ చమత్కారం కాథరిన్ వింక్‌వర్త్ అనే యువతిది. 1844లో పంచ్ పత్రికలో అచ్చయింది. ఒప్పుకోలు ఆయన నోట వినాలని లోకానికే కోరిక కాబోలు!

సమర్థకులు ఆయన పాలనను చూపిస్తారు. కరాచీ రేవు అభివృద్ధికి పూనుకొన్నాడు. ఆయన సింధులో నెలకొల్పిన పోలీసు వ్యవస్థ తరువాత దేశమంతటికీ నమూనా అయింది. ఇవి కాదనలేము. కాని దొంగిలించిన పొలంలో పండిన ధాన్యం మంచిదైనంత మాత్రాన పొలం ఎవరిదన్న ప్రశ్న తీరదు కదా.

నన్ను ఎక్కువగా వేధించేది వేరొక విషయం. 1839లో నేపియర్ ఉత్తర ఇంగ్లండులో సేనాధిపతి. ఓటుహక్కు కోరుతూ లేచిన చార్టిస్టు కార్మికులను అదుపు చేయవలసిన బాధ్యత ఆయనది. వారి ఆకలి న్యాయమైనదని ఆయన నమ్మాడు, ఆ నమ్మకంతోనే రక్తపాతం జరగకుండా జాగ్రత్తపడ్డాడు. అక్కడ తెలివిడి చేతిని ఆపింది. సింధులో అదే మనిషికి, అదే తెలివిడి ఉండి కూడా, చేయి ఆగలేదు. అంతఃకరణకు కూడా సరిహద్దు రేఖలుంటాయా?

అమీర్ల పక్షాన వాదించినవాడు జేమ్స్ ఔట్రామ్. దండయాత్ర అన్యాయమన్నాడు, నేపియర్‌తో శాశ్వత వైరం తెచ్చుకున్నాడు. విజయధనంలో తన వాటా 3,000 పౌన్లను స్వీకరించక ధర్మకార్యాలకు ఇచ్చివేశాడు. నేపియర్ తన వాటా పుచ్చుకున్నాడు. కథ ఇక్కడ ఆగితే మనకు ఒక దుష్టుడూ ఒక శిష్టుడూ దొరికేవారు. కౌరవుల అర్థానికి కట్టుబడ్డానని ధర్మరాజుతో చెప్పుకున్న భీష్ముని వలె, ఔట్రామ్ కూడా కొలువును వీడలేదు. పదమూడేళ్ల తరువాత లక్నోలో రెసిడెంటుగా ఉన్నది ఆయనే. అవధ్‌ను స్వాధీనం చేసుకోవాలని నివేదిక పంపినదీ ఆయనే. 1856 ఫిబ్రవరిలో నవాబు వాజిద్ అలీ షా ఎదుట రాజ్యత్యాగ పత్రం ఉంచినదీ ఆయనే. నవాబు సంతకం చేయలేదు. తలపాగా తీసి ఔట్రామ్ చేతిలో పెట్టాడు.