నీవు మోసుకొని వచ్చిన వర్తమానమేమి?

ధ్యాన వాక్యభాగము: 2 సమూయేలు 18:19–32



ఆదివారము ఇంకను తెల్లవారకముందే మన బెంగళూరు యువతీ యువకులు కొందరు లేచి, బూట్లు బిగించుకొని ఊరి బయటకు బయలుదేరుచున్నారు. కొందరు కనకపుర రోడ్డు వైపు తురహళ్ళి అడవికి, కొందరు సావనదుర్గకు, కొందరు నంది కొండల చుట్టుపట్లకు పోయి, అక్కడి మట్టిదారులలో పరుగెత్తుచున్నారు. దీనిని ట్రయల్ రన్నింగ్ అందురు. మన నగరమే సముద్రమట్టమునకు 900 మీటర్ల పైగా ఎత్తున ఉన్నది; నంది కొండ 1,478 మీటర్లు. ఆ చల్లని గాలికి ఎవరికైనను పరుగెత్త బుద్ధి పుట్టును. ఆ పరుగెత్తువారిలో మన సంఘముల బిడ్డలును ఉన్నారు. "ఆరాధన దినమున ఈ పరుగులేమిటి?" అని పెద్దలు సణుగుచున్నారు. "మాకు ఇదొక్కటే సెలవు దినము" అని పిల్లలు బదులు చెప్పుచున్నారు. ఈ మాట రెండు పక్షములవారిని ఉద్దేశించి వ్రాయుచున్నాను.

దేహసాధకము వలన ప్రయోజనము కొంచెమేనని పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 4:8). కొంచెమే అన్నాడు గాని లేదనలేదు. దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని నేర్పినవాడును ఆయనే. కాబట్టి పరుగు పాపమని ఎవరును చెప్పనక్కరలేదు. మన ఇండ్లలో షుగరు, బీపీ మాత్రలు లెక్కపెట్టుకొను వయస్సువారికి ఆ సంగతి బాగుగా తెలియును.

అయితే పరిశుద్ధ గ్రంథములో అడవి కొండల నడుమ జరిగిన ఒక పరుగున్నది. దానిని జాగ్రత్తగా చదువుదము.

దావీదు సైన్యమునకును అబ్షాలోము సైన్యమునకును ఎఫ్రాయిము వనములో యుద్ధము జరిగెను. కత్తికి చిక్కినవారికంటె ఆ అడవికి చిక్కి చచ్చినవారే ఎక్కువ. అబ్షాలోము హతుడాయెను. ఆ వార్త మహనయీములోనున్న రాజుకు చేరవలెను. సాదోకు కుమారుడైన అహిమయస్సు "నేను పోదును" అనెను. రాజు కుమారుడు చనిపోయెను గనుక ఈ దినము నీవు వార్త మోయరాదని యోవాబు అతనిని ఆపి, ఒక కూషీయుని పంపెను. అయినను అహిమయస్సు పట్టు విడువలేదు. చెప్పుటకు తగిన వార్త లేకుండ ఎందుకు పరుగెత్తుదువని యోవాబు అడిగినను, ఏమైనను సరే పరుగెత్తుదుననెను. చివరకు సెలవు దొరికెను.

కూషీయుడు దగ్గరిదైన కొండదారిన పోయెనని వ్యాఖ్యాతలు తలంచుదురు. అహిమయస్సు మైదానపు మార్గము పట్టెను. కొండదారి స్వభావమేమో పరుగెత్తు మన పిల్లలను అడిగి చూడుడి. ఎక్కునప్పుడు చిన్న చిన్న అడుగులు వేయవలెను. అవసరమైతే నడవవలెను, అందులో సిగ్గులేదు. దిగునప్పుడు ఊపిరికి సుళువే గాని తొడల కండరములు మరునాడు మెట్టు దిగనియ్యవు. వేరు తట్టుకొనకుండ, రాయి జారకుండ నాలుగైదు అడుగుల ముందుకు చూపు నిలుపవలెను. మైదానము అట్టిది కాదు. దూరమెక్కువైనను కాళ్ళు సాగును. అందుచేత వెనుక బయలుదేరిన అహిమయస్సు ముందు బయలుదేరినవానిని దాటిపోయెను.

రాజు రెండు గుమ్మముల నడుమ కూర్చుండి ఎదురుచూచుచుండెను. అబ్షాలోము క్షేమముగా ఉన్నాడా అని అడిగెను. మొదట చేరిన అహిమయస్సు ఏమి చెప్పెను? పెద్ద గందరగోళము జరుగుట చూచితిని గాని అదేమో నాకు తెలియదనెను. యోవాబు నోట సంగతి స్పష్టముగా విన్నవాడే. రాజు ముఖము చూడగానే చెప్పలేకపోయెను. ప్రక్కకు తొలగి నిలువుమని రాజు ఆజ్ఞ ఇచ్చెను. వెనుక వచ్చిన కూషీయుడు కష్టమైన వార్తనే తెచ్చెను గాని, తెచ్చినదానిని అప్పగించెను.

ప్రియులారా, పరుగులో అహిమయస్సు గెలిచెను; వార్తాహరుడుగా ఓడిపోయెను. అంత దూరము అంత వేగముగా వచ్చినవాడు ప్రక్కన నిలువవలసి వచ్చెను.

ఇప్పుడు మరియొక కొండప్రాంతము సంగతి చెప్పుదును. ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున సెవెన్ అను అడవి కొండలున్నవి. అక్కడ నేడు అనేకులు సంతోషముగా నడచుచు, పరుగెత్తుచున్నారు. ఆ దేశములో 1947 నుండి దూరపు కాలినడక దారులకు చెట్లమీద, రాళ్ళమీద తెలుపు ఎరుపు గీతలు వేయుచున్నారు. అడ్డముగా కొట్టివేసిన గుర్తు కనబడినచో ఆ త్రోవ తప్పని తెలిసికొనవలెను. అయితే ఒకప్పుడు ఆ కొండలలో గుర్తులు లేకుండ, చీకటిలో నడచినవారున్నారు. 1685లో పదునాలుగవ లూయీ రాజు ప్రొటెస్టంటు ఆరాధనను నిషేధించెను. గుడులు పడగొట్టబడెను. ఆ విశ్వాసులు కొండ లోయలలోను, గుహలలోను, అడవులలోను రహస్యముగా కూడుకొనిరి. ఇశ్రాయేలీయుల అరణ్య ప్రయాణమును తలంచుకొని, తమను అరణ్య సంఘమని పిలుచుకొనిరి. విడదీసి మోసుకొనిపోదగిన ప్రసంగ వేదికను చేసికొనిరి. ధాన్యపు పీపా వలె కనబడునట్లు మడిచిన వేదిక ఒకటి అక్కడి మ్యూజియములో నేటికిని ఉన్నది.

పట్టుబడిన పురుషులను ఓడలలో తెడ్లు వేయు శిక్షకు పంపిరి, బోధకులను చంపిరి, స్త్రీలను ఏగ్ మోర్త్ పట్టణపు గోపురములో ఉంచిరి. మరీ దురాన్ అను యువతి 1730లో ఆ గోపురములో ప్రవేశించి 1768లో బయటకు వచ్చెను. ముప్పది ఎనిమిది సంవత్సరములు! తన విశ్వాసమును విడిచెదనని ఒక్క మాట చెప్పినచో ఆ తలుపు తెరవబడియుండును. ఎదిరించి నిలువుమను అర్థముగల ఒక్క పదము అక్కడి రాతిలో చెక్కబడియున్నది. అది ఆమె చెక్కినదేనని చెప్పుదురు. ఆ కొండదారులలో పోయినవారికి వేగము లేదు, పతకము లేదు. భుజముమీద వేదిక, గుండెలో వాక్యము మాత్రమే ఉండెను.

మన తెలుగు బాప్టిస్టులకును ఒక కొండ ఉన్నది. 1836లో శామ్యూల్ డే గారు ఆరంభించిన మిషను చాల ఏండ్లు ఫలము లేక, మూసివేయుదమా అని అమెరికాలో చర్చించు స్థితికి వచ్చెను. అట్టి దినములలో, 1854 జనవరి 1న సూర్యోదయ వేళ లైమన్ జూయెట్ గారు, వారి సతీమణి, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు ప్రక్కనున్న కొండ ఎక్కి మోకరించి, ఆ ప్రాంతమునకు ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. దానినే మనము ప్రార్థన కొండ అనుచున్నాము. జాన్ ఎవరెట్ క్లౌ గారు ఒంగోలులో నివసించుటకు వచ్చినది 1866లో. ఆ సంవత్సరమే బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ళ వ్యాపారి. తన వృత్తిమీద తిరిగిన పల్లెదారులలోనే సువార్తను మోసెను. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. ప్రార్థనకును ఆ దినమునకును నడుమ ఇరువది నాలుగేండ్లకు పైగా గడిచెను. ఇది కొండదారి పరుగు. హెబ్రీ పత్రిక 12వ అధ్యాయములో పందెమునకు జతచేసిన ఓపిక అను మాటకు, గ్రీకు మూలములో బరువు క్రింద నిలిచియుండుట అను భావమున్నది.

ఇక మన సంగతి. మన తండ్రులు పల్లెలు విడిచి ఈ నగరమునకు వచ్చి, అద్దె గదులలో ప్రార్థనలు పెట్టుకొని, తెలుగు సంఘములు కట్టిరి. వారిది కొండదారి. మన పిల్లలకు దేవుడు మైదానపు మార్గమిచ్చెను. మంచి చదువు, మంచి ఉద్యోగము. వారు మనలను దాటిపోయిరి, దేవునికి స్తోత్రము. కాని ఎవరైన వారిని "మీ సంఘమేమిటి? మీ విశ్వాసమేమిటి?" అని అడిగినప్పుడు వారేమి చెప్పుదురు? క్రిస్మసు కార్యక్రమము చూచితిమి, వార్షికోత్సవము చూచితిమి, మైకులు, భోజనములు చూచితిమి, అదంతయు ఏమిటో తెలియదు అందురా? అట్లయినచో వారు అహిమయస్సు చెప్పిన జవాబే చెప్పినవారగుదురు. తెలుగు బైబిలు చదువలేని బిడ్డలు మన బల్లలమీద ఎందరున్నారో లెక్కించుకొనుడి.

యౌవనస్థులారా, పరుగెత్తుడి. అయితే శనివారము ఉదయము కొండకిచ్చి, ఆదివారము ఉదయము ప్రభువు బల్లకిచ్చుడి. కొండమీద దాహమునకు నీళ్ళు మీరే మోసికొనిపోవలెనని మీకు తెలియును. ప్రాణము దాహము గొను దినమునకు వాక్యమును ఇప్పుడే నింపుకొనుడి.

పెద్దలారా, ఆ గుమ్మము మీదనున్న కావలివానిని చూడుడి. దూరమునుండి వచ్చువాని పరుగు తీరునుబట్టి అతడు అహిమయస్సని గుర్తించెను. మన సంఘపు బిడ్డల నడక మనకు అంతగా తెలియునా? వారు రానప్పుడు సణుగుట సుళువు. ఒక శనివారము వారితోకూడ వెళ్ళుడి. మోకాళ్ళు ఎక్కనియ్యకపోయినచో కొండ క్రింద ఫ్లాస్కుతో కాఫీ పట్టుకొని కూర్చుండుడి. వారు దిగివచ్చినప్పుడు, తాతగారు ఏ ఊరినుండి వచ్చెనో, ఎట్లు రక్షింపబడెనో చెప్పుడి. అప్పగింపబడని వార్తను వారెట్లు మోయుదురు?

ఆ దినము దావీదు యుద్ధములో జయమునుగూర్చి అడుగలేదు. యౌవనుడు క్షేమమా అని అడిగెను. మన రాజును ఒక దినమున అదే ప్రశ్న మనలను అడుగును. అప్పుడు ప్రక్కకు తొలగి నిలువవలసిన స్థితి మనలో ఎవరికిని రాకుండును గాక. ఆమేన్.