చెప్పి కూర్చోబెట్టండి

శ్రీహరికోట అనగానే రాకెట్లు గుర్తొస్తాయి. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమనున్న ఆ దీవిలోని యానాది కుటుంబాల్లో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే, పెద్ద వైద్యానికి సరస్సు దాటి సూళ్లూరుపేటకు, అక్కణ్ణుంచి నెల్లూరుకో తిరుపతికో చెన్నైకో పోవాలి. 2005లో మొదలైన 108 అంబులెన్సు ఆ ప్రయాణాన్ని కొంత సులువు చేసింది. ప్రాణాపాయంలో ఉన్నవారికి ముందు వైద్యం, పోలీసు కాగితాలు తర్వాతేనని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో తేల్చింది. అసలు చిక్కు ఆసుపత్రి గడప దాటాక మొదలవుతుంది.

అత్యవసర విభాగంలో వరుస ప్రమాద తీవ్రతను బట్టి నడుస్తుంది. శ్వాస అందనివాడు చివర వచ్చినా ముందు లోపలికెళ్తాడు. అది న్యాయమే. కానీ ఆ సంగతి చెప్పకపోతే, చెయ్యి విరిగి బెంచీ మీద కూర్చున్నవాడికి అదంతా పలుకుబడిలాగే కనిపిస్తుంది. (పలుకుబడి బొత్తిగా పనిచెయ్యదని ఒట్టేసేవాళ్లు ఎందరు?) డాక్టర్లకు తల తిప్పే తీరిక లేదు, మాటలెక్కడివంటారు. రద్దీ నిజమే. అయితే డాక్టరే చెప్పాలని లేదు. నర్సమ్మ చెప్పొచ్చు, గోడమీద తెలుగులో రాయించొచ్చు. చెప్పని చోట బంధువుల కేకలు సర్దడానికే ఎక్కువసేపు పడుతుంది. ఆసుపత్రి పెద్దలారా, ముందు ఎవరిని, ఎందుకు చూస్తారో తలుపు దగ్గరే చెప్పించండి.