చెరువు కట్ట మీద పిల్లలకు ఏం చెప్పాలి?



ఎండాకాలం సెలవులొస్తే పట్నాల్లో స్థిరపడ్డ మనవాళ్లు చాలామంది పిల్లల్ని తీసుకుని ఊరికెళ్తారు. పొద్దు వాలాక ఇంటిల్లిపాదీ చెరువు కట్ట మీద అలా నడిచొస్తారు. నీళ్ల మీంచి చల్లగాలి, ఒడ్డున కొంగలు, తూము దగ్గర గాలం వేసిన పిల్లలు. ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. అయితే ఈ చిన్న నడక గురించి మనలో రెండు సందేహాలున్నాయి. ఊళ్లో అన్యాయం ఇంకా పోలేదు కదా, ఇలా హాయిగా తిరగడం తగునా? ఆ చెరువు దగ్గర మన పెద్దలు పడ్డ బాధ పిల్లలకు చెప్పాలా, వద్దా?

మొదటిదానికి జవాబు తేలికే. బుద్ధుడు నడకను తక్కువ చేయలేదు. చంక్రమణం వల్ల ఐదు లాభాలని భిక్షువులకు చెప్పాడు: దూరం నడిచే ఓపిక వస్తుంది, శ్రమించే శక్తి వస్తుంది, రోగాలు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, కుదిరిన ఏకాగ్రత ఎక్కువకాలం నిలుస్తుంది. ఎప్పుడూ మొహం ముడుచుకుని ఉండడం పోరాటం కాదు. దుఃఖాన్ని పోగొట్టడమే ధమ్మం పని. మనిషి హాయిగా ఉండడం ధమ్మానికి అడ్డు ఎలా అవుతుంది?

పైగా, నీళ్ల ఒడ్డున నిలబడే హక్కు మనకు ఊరికే రాలేదు. మహాడ్ చవదార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు అక్కడి మున్సిపాలిటీ 1924లోనే తీర్మానించింది. అది కాగితం మీదే ఉండిపోయింది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. పశువులు తాగితే మైలపడని చెరువును, మనం ముట్టుకున్నామని పేడ, మూత్రం, పాలు, పెరుగు పోసి ‘శుద్ధి’ చేశారు. కోర్టు తగవు హైకోర్టులో తేలేసరికి 1937 వచ్చింది. ఆ నీళ్లు తాగకపోతే చచ్చిపోతామని వాళ్లు వెళ్లలేదు. మేమూ మనుషులమే అని చాటడానికి వెళ్లారు. మన గడ్డ మీదా ఇదే కథ. కారంచేడులో తాగే నీళ్ల చెరువును మురికి చేయొద్దన్న మాట దగ్గర మొదలైన కక్ష 1985 జూలై 17న ఆరుగురిని బలి తీసుకుంది.

ఇక రెండోది. ఎనిమిదేళ్ల పిల్ల అడుగుతుంది: "అమ్మమ్మా, చిన్నప్పుడు నువ్వు ఇక్కడే ఈత కొట్టేదానివా?" అమ్మమ్మ ఏం చెప్పాలి? కొందరు పిల్లల మనసు పాడుచేయొద్దంటారు. ఆ మాటలో ప్రేమ ఉంది. కానీ మనం చెప్పకపోతే పిల్లకు ఆ సంగతి తెలియకుండా పోదు. రేపు బడిలోనో హాస్టల్లోనో ఎవరో ఒకరు ఎగతాళిగా చెబుతారు. అప్పుడా పిల్ల తప్పు తనలోనే ఉందనుకుంటుంది.

అభయ రాజకుమారుడు ఒకసారి బుద్ధుడిని అడిగాడు, ఎదుటివారికి నచ్చని మాట మీరు చెబుతారా అని. అప్పుడు రాజకుమారుడి ఒళ్లో పసిబిడ్డ ఉన్నాడు. ఈ బిడ్డ పుల్లో రాయో నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు ఎదురడిగాడు. రక్తం వచ్చినా సరే, బిడ్డ మీద దయతో తీసేస్తానన్నాడు రాజకుమారుడు. తథాగతుడి మాటా అంతే: నిజమై ఉండాలి, మేలు చేసేదై ఉండాలి, సమయం చూసి చెప్పాలి.

ఈ మూడే మనకు కొలత. నిజమే కాబట్టి దాచొద్దు. మేలు కోసం కాబట్టి పగ నూరిపోయొద్దు. తూము దగ్గర గాలం వేసిన పిల్లవాడు ఏ కులంవాడైనా పాత పాపం వాడిది కాదు. బావి దగ్గర ఆనందుడు చండాల యువతిని నీళ్లడిగిన కథ కూడా పిల్లకు చెప్పండి. నేను తక్కువ కులందాన్నని ఆమె అంటే, అడిగింది నీళ్లు, కులం కాదన్నాడాయన. ఇక సమయం అంటారా, పిల్ల అడిగినప్పుడే సమయం. అడగకముందే ఉపన్యాసం మొదలుపెట్టకండి.

ఈసారి కట్ట ఎక్కినప్పుడు కాసేపు ఫోన్లు జేబులో పెట్టి, మాటలాపి, పాదం నేలను తాకడం గమనిస్తూ నడవండి. పిల్లలు అడిగితే ఉన్నది ఉన్నట్టు, గొంతు పెంచకుండా చెప్పండి. తర్వాత ఊళ్లో పెద్దవాళ్లను మీరూ ఒక మాట అడగండి: చెరువులో చేపల మీద, తూము నీళ్ల మీద, శిఖం భూమి మీద ఇవాళ మన వాడకు వాటా ఎంత? హాయిగా నడవడం మన హక్కు. ఆ ప్రశ్న అడగడం మన బాధ్యత.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.