గిలక చప్పుడు

మనకు హాని చేయగల ప్రాణి, హాని చేయకమునుపే మనలను హెచ్చరించినయెడల, ఆ ప్రాణి విషయమై మనకు బాధ్యత యేదైన కలదా? ఈ ప్రశ్నను అమెరికాలోని సోనోరా, మొహావే ఎడారులలో నివసించు గిలకపామును ముందుంచుకొని యోచింతము.

ఈ పాము మన దేశమున లేదు; అమెరికా ఖండములలోనే యున్నది. మన పొలములలోని రక్తపింజరికి దూరపు చుట్టము. దాని తోక చివర, మన గోళ్లవంటి పదార్థముతో నేర్పడిన బోలు తునకలు ఒకదానిలో నొకటి చిక్కుకొని యుండును. కుబుసము విడిచిన ప్రతిమారు ఒక తునక చేరును. తునకలను లెక్కించి పాము వయస్సు చెప్పవచ్చునని కొందరందురు గాని అది సరికాదు. ఏటికి రెండు మూడు మారులు కుబుసము విడుచుటయు, పాత తునకలు విరిగిపోవుటయు కలదు. ఎండవేళ ఆ తోక సెకండునకు 50 మారులకు పైగా ఆడును.

ఆ చప్పుడు ఎర కొరకు కాదు. ఎరకై పొంచియున్నప్పుడు పాము నిశ్శబ్దముగానే యుండును. కన్నునకు ముక్కునకు నడుమనున్న గుంటలతో ఎలుక దేహపు వేడిని చీకటిలో పసిగట్టి, కాటువేసి, విడిచిపెట్టి, అది పడినచోటికి వాసన పట్టుకొని పోవును. విషము దానికి ఆహారము సంపాదించుకొను సాధనము. మ్రింగలేని మనుష్యునిమీద దానిని వ్యర్థపరచుట పామునకు నష్టమే. కాటులలో కొన్ని విషము లేని కాటులగుట ఆశ్చర్యము కాదు. తన్ను త్రొక్కబోవు పెద్ద ప్రాణిని దూరముగా నుంచుటకే గిలక మ్రోగించును. ప్రతిసారి మ్రోగించునని నమ్మరాదు. కదలక దాగియుండుటయే దానికి మొదటి రక్షణ.

అయినను మనుష్యులేమి చేయుచున్నారు? టెక్సాసు రాష్ట్రపు పడమటి భాగమున, స్వీట్‌వాటర్ పట్టణములో 1958లో ఈ పాములను పట్టి తెచ్చు ఉత్సవ మొకటి ప్రారంభమై ఏటేటా జరుగుచు వచ్చినది. బిలములలోనికి పెట్రోలు ఆవిరి పంపి పాములను వెళ్లగొట్టుటయు, జనుల యెదుట తల నరికి చర్మమొలుచుటయు కలదు. పశువులను, పిల్లలను కాపాడుకొనుటకే యని వారి వాదము. దానిని మనము తేలికగా త్రోసివేయము. విషము నిజమైనదే, కాటు తగిలినవాడు ఆసుపత్రికి పరుగెత్తవలసినదే. అయితే ఆ దేశమంతట విషసర్పముల కాటు తగులువారు ఏటికి 7,000 నుండి 8,000 మంది కాగా, చనిపోవువారు ఇంచుమించు అయిదుగురు. పామును పట్టబోయి, చంపబోయి కరిపించుకొన్నవారును వీరిలో నున్నారు. పసిబిడ్డయొద్దకు వచ్చిన పామును చంపిన తల్లిని మనము నిందింపము. ఎవరును తిరుగని బండలలోనికి వెదకుకొనిపోయి చంపుట వేరు సంగతి.

ఏదెను తోటలోని సర్పమును తలంచి పాములన్నిటిని దోషులుగా నెంచుట మనలో కొందరికి అలవాటు. మేలు కీడుల నెరిగి యెన్నుకొనువానికి గదా దోషము! యోబు గ్రంథములో, నరులు లేని యెడారిమీద కురియు వానను గూర్చిన మాట యున్నది. ఆ వాన ఎవరికొరకు? వాన పడినపుడు ఈ పాములు చుట్టలు చుట్టుకొని, తమ వీపుమీద నిలిచిన నీటిని త్రాగుచుండగా చూచినవారున్నారు. ఇవి గుడ్లు పెట్టవు, పిల్లలనే కనును. ఆ పిల్లలు మొదటి కుబుసము విడుచువరకు, అనగా వారము పది దినములు, తల్లి వాటి దగ్గరనే యుండును.

చంపక విడుచుటకును తెలివి కావలెను. జాలిపడి బహుదూరము కొనిపోయి విడిచిన పాములు తావు తెలియక తిరుగులాడి, వాటిలో అనేకము చచ్చుచున్నవని పరిశోధకులు కనుగొనిరి. కాబట్టి దగ్గరలోనే, అది యెరిగిన బండలయొద్దనే విడుచుట మేలు. అప్పుడది మరల మన పొరుగుననే యుండును. ఇంటిచుట్టు ఎలుకలు చేరనీయరాదు. చూడకుండ రాతిసందులో చేయి పెట్టరాదు. రాత్రివేళ దీపము లేక నడువరాదు. గిలక వినబడినపుడు కదలక నిలిచి, చప్పుడెక్కడనుండి వచ్చుచున్నదో చూచి, మెల్లగా వెనుకకు అడుగు వేయవలెను.