వెలుగు పంటలో పరిగె

ఈ నెల ధ్యానమునకు లేవీయకాండము 19:9, 10 వచనములును, రూతు గ్రంథము 2వ అధ్యాయమును చదువుకొనండి.

కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకా మనలో అనేకులు ఎరిగినదే. ఆంధ్ర సరిహద్దున ఉన్నందున అక్కడ తెలుగు ఎక్కువగా వినబడును. అది వానలు తక్కువైన మెట్ట నేల. వేరుశనగ వేసి, ఆకాశమువైపు చూచి చూచి, అప్పులపాలై బెంగళూరుకు కూలికి పోయిన కుటుంబములెన్నో. ఎండ మాత్రము అక్కడ ఏనాడును కరవు కాలేదు.

ఆ తాలూకాలోనే తిరుమణి మొదలైన 5 గ్రామములలో, సుమారు 13,000 ఎకరములలో సోలార్ పార్కు ఏర్పడినది. 2018లో కరెంటు ఉత్పత్తి మొదలై, 2019 చివరకు దాని సామర్థ్యము 2,050 మెగావాట్లకు చేరినది. బొగ్గు కాల్చకుండ, పొగ లేకుండ, పలకలమీద పడిన ఎండయే కరెంటగుచున్నది. రైతుల భూమిని కొనలేదు. ఎకరమునకు ఏటా 21,000 రూపాయల కౌలుతో మొదలుపెట్టి తీసికొనిరి. శాపమనుకొన్న ఎండయే పంటయైనందుకు దేవునికి స్తోత్రము.

అయితే ప్రియులారా, కౌలు ఎవరికి ముట్టును? పట్టా ఉన్నవారికి. ఆ పొలములలో కలుపు తీసి, కాయలు ఒలిచి బ్రదికిన కూలీలకు పట్టా లేదు. సేద్యము ఆగగా వారి పనియు ఆగినది. పలకలు కడుగుట, గడ్డి కోయుట, కావలి కాయుట వంటి పనులు కొందరికే దొరికినవి.

పొలము అంచులు పూర్తిగా కోయక, రాలిన పరిగెను బీదలకును పరదేశులకును విడువవలెనని దేవుడు ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించెను. రూతు మోయాబునుండి వచ్చిన పరదేశి. బోయజు పొలములో పరిగె ఏరుకొని అత్తను పోషించెను. అది ఆమెకు ధర్మశాస్త్రము ఇచ్చిన హక్కు. పొట్ట చేతపట్టుకొని పరాయి రాష్ట్రమునకు వచ్చిన పెద్దల బిడ్డలమైన మనకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు.

దేవుడు మంచివారిమీదను చెడ్డవారిమీదను ఒకే సూర్యుని ఉదయింపజేయునని ప్రభువు బోధించెను (మత్తయి 5:45). సూర్యునికి పట్టా లేదు. కనుక వెలుగు పంటలోను పరిగె ఉండవలెను.

మా సంఘములోను మందిరపు మిద్దెమీద సోలార్ పలకలు పెట్టవలెనని మాట నడుచుచున్నది. పెట్టవలసినదే. బిల్లులో మిగులు సొమ్ముతో మైకు సెట్టు మార్చుదమని పెద్దలమైన మేము మొదట అనుకొంటిమి. ఈ వాక్యము చదివి సిగ్గుపడితిమి. మందిరము వెనుక రేకుల ఇండ్లలోని కూలీల పిల్లల బడి ఖర్చులకు ఆ సొమ్ము పోవలెనని ఇప్పుడు సంఘము ఎదుట మా మనవి.

పలకలు పెట్టుకొనలేని ఇంటివారును నిరుత్సాహపడవద్దు. ఎవరును లేని గదిలో తిరుగుచున్న ఫ్యాను ఆపండి, వృథాగా వెలుగుచున్న దీపము ఆర్పండి. అట్లు మిగిలిన పది రూపాయలు మీ పొలములోని పరిగె. దానిని ఎవరికొరకు విడుతురో ప్రార్థనతో నిర్ణయించుకొనండి. ప్రభువు మిమ్మును దీవించునుగాక. ఆమేన్.