నవ్వుకు హద్దు

108 అంబులెన్స్ సేవ 2005లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలై, తరువాత తమిళనాడు, కర్ణాటకలకు కూడా వచ్చింది. ఆ బండిలో పనిచేసేవారు ఘోరమైన ప్రమాదం చూచి వచ్చి, టీకొట్టు దగ్గర నవ్వుకొంటారు. ఇది తగునా? తగునని మేము తలంచుచున్నాము. రాత్రి చావును చూచినవారు తెల్లవారి మరల బండి ఎక్కాలంటే, గుండెబరువు ఎక్కడో దించుకోవాలి.

అయితే దానికి ఒక హద్దున్నది. తమ అలసట మీద తాము నవ్వుకొనవచ్చు. పడియున్న మనిషిని చూచి నవ్వరాదు. స్పృహ తప్పినట్లున్నవారికి కూడా మాటలు వినబడవచ్చు. గనుక స్ట్రెచరు దగ్గర రోగిని పేరుపెట్టి పిలవాలి, ఏమి చేయబోతున్నారో చెప్పాలి. తల్లి వినగా అనలేని మాట బిడ్డ దగ్గర అనకూడదు.

ఇక, "చర్చి వెనుక ఇల్లు" అని చెప్పి, ఏ చర్చియో చెప్పకుండానే ఫోను పెట్టేసేవారిని తలచుకొని వారు నవ్వితే, ఆ నవ్వు న్యాయమైనదే!